తెరతో పాటు గదినీ కొలిచే చోట

జర్మనీలోని రూర్ ప్రాంతంలో ఒక ఆసుపత్రికి ఎక్స్‌రేలు, సీటీ స్కాన్లు చదివే గదిలోకి కొత్త మానిటర్లు కావలసివచ్చి, కంపెనీలు పంపిన వాటిని పరీక్షించి ఏది కొనాలో చెప్పే పని నాకు అప్పగించారు. పరీక్ష సగంలో ఉండగా అక్కడి సీనియర్ రేడియోగ్రాఫర్ గుమ్మంలో నిలబడి, ‘‘ఆ తెల్ల చొక్కాతో తెర ముందు నిలబడతారేమిటి? పక్కకు జరగండి’’ అని నలుగురి ఎదుటా అన్నారు. తెర వెలుగును కొలిచే నా మీటరు రబ్బరు అంచుతో తెరకు అతుక్కుని ఉంటుంది కనుక బయటి వెలుతురు దానికి అందదని, చొక్కా వల్ల అంకె మారదని చెప్పాను. ‘‘నేను అంకెల గురించి మాట్లాడటం లేదు, అక్షరాల గురించి’’ అన్నారావిడ.

ఇక్కడ 2014లో వచ్చిన డిన్ 6868-157 అనే జర్మన్ ప్రమాణం ప్రకారం, పనిదినాల్లో రోజూ రిపోర్టింగు, అంటే చిత్రాలు చదివి రిపోర్టు రాయడం, మొదలుకాక ముందే ఒకరు తెర మీద పరీక్షాచిత్రం పెట్టి, చూసి, నమోదు చేయాలి. ఆ చిత్రంలో నలుపు, బూడిద, తెలుపు నేపథ్యాల మీద ‘క్వాలిటీ కంట్రోల్’ అన్న అక్షరాలు ఒకదాని కన్నా ఒకటి మసకగా ఉంటాయి. నలుపు మీద చివరి అక్షరాలు కంటికి ఆనడమే కష్టం. ఎదురుగా తెల్లబట్ట ఉంటే దాని ప్రతిబింబంలో అవి కలిసిపోతాయి. ఊపిరితిత్తుల మీద సన్నని మచ్చ కూడా అలాగే కలిసిపోతుందన్నది ఆవిడ వాదన. ఆ వాదనకు నా దగ్గర జవాబు లేదు, కానీ ఆ గొంతు మాత్రం ఇప్పటికీ రుచించదు.

లెక్క వేసి చూస్తే ఈ పట్టింపు ఎందుకో తెలుస్తుంది. తెర వెలుగును చదరపు మీటరుకు ఇన్ని కండెలాలని కొలుస్తారు; ఒక తెర తెలుపు 350 కండెలాలు, నలుపు 1 కండెలా అనుకుందాం. గది వెలుతురు తెర మీద పడి ఇంకొక్క కండెలా కలిపితే తెలుపుకు పట్టింపే లేదు, కానీ నలుపు రెట్టింపవుతుంది. 350 రెట్లున్న తేడా దాదాపు 175కు పడిపోతుంది. అంటే ఎంత ఖరీదు పెట్టి కొన్న తెర అయినా ట్యూబులైటు కింద సగం తెరే. అందుకే రోగనిర్ధారణ చేసే గదిలో వెలుతురు 50 లక్సులు (గదిలో పడే వెలుతురుకు కొలత) దాటకూడదని ఆ ప్రమాణం తెరతో పాటు గదికీ హద్దు పెట్టింది. ఎన్ని మెగాపిక్సెళ్ళు, ఎంత రేటు అన్న రెండు ప్రశ్నలతో మన దగ్గర బేరం ముగుస్తుంది.

అలాగని చీకటి విలువ మనవాళ్ళు ఇక్కడికొచ్చి నేర్చుకోవలసినదేమీ కాదు. నేను గుంటూరులో ఆసుపత్రి పరికరాల మరమ్మతు చేసే రోజుల్లో ఒక పెద్ద డాక్టరుగారు పాత సంగతులు చెప్పేవారు: స్క్రీనింగుకు, అంటే మసక తెర మీద ఎక్స్‌రేను నేరుగా చూడటానికి, ముందు కళ్ళు చీకటికి అలవాటు పడాలని ఎర్రద్దాలు పెట్టుకుని కూర్చునేవారట, నల్లపరదా పూర్తిగా వేసేదాకా పేషెంటును లోపలికి పిలిచేవారు కాదట. ఆ ఎర్రద్దాల ఉపాయం 1916లో ట్రెండెలెన్‌బుర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్తదే అనుకోండి, అది వేరే సంగతి! ఫిల్ములు పోయి కంప్యూటర్లు వచ్చాక ఆ పరదాలు తీసేసి, రిపోర్టింగు టేబులును రిసెప్షను పక్కకు జరుపుకున్నది మనమే. రోజుకు వందల కేసులు, బయట కిటకిటలాడే జనం, ఉన్నదొక్క గది. అలాంటి చోట 50 లక్సులు కావాలంటే స్థలం ఎక్కడ తెస్తారు? ఇక్కడ ప్రశాంతంగా సంతకాలు పెట్టుకునేవాళ్ళకు ఆ ఇబ్బంది తెలియదు.

మొన్న నరసరావుపేటలో స్కానింగ్ సెంటరు పెడుతున్న మా బాబాయి కొడుకు ఫోను చేసి ఏ మానిటరు కొనమంటావని అడిగాడు. టేబులు ఎక్కడ వేస్తున్నావు, కిటికీ ఎటువైపు ఉంది, డాక్టరుగారి వెనక గోడకు ఏ రంగు వేయించావు అని వరసగా అడిగాను.

‘‘అన్నయ్యా, నేను మానిటరు అడిగితే నువ్వు ఇంటి వాస్తు చెబుతున్నావేంటి?’’ అని విసుక్కున్నాడు. మానిటరు తర్వాత చూద్దాం, ముందు మందపాటి కర్టెన్లు కొనమన్నాను.