సస్పెండ్ తర్వాత మొరాయించే ఎక్స్‌టర్నల్ డ్రైవ్

లినక్స్ ల్యాప్‌టాప్ నిద్రలేచాక డ్రైవ్ ఫోల్డర్ కనిపిస్తూనే ఉంటుంది, తెరిస్తే ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్. డ్రైవ్ పాడైందని కంగారుపడొద్దు. సస్పెండ్‌లో యూఎస్‌బీ పోర్టుకు కరెంటు ఆగితే, లేచాక కెర్నల్ (లినక్స్ మూల భాగం) దాన్ని కొత్త డ్రైవ్‌గా గుర్తించి ఎస్‌డీబీకి బదులు ఎస్‌డీసీ అని పేరు పెట్టొచ్చు. పాత మౌంటు (డ్రైవ్‌ను ఫోల్డర్‌కు కలిపిన లింకు) మాత్రం లేని ఎస్‌డీబీనే పట్టుకుని వేలాడుతుంది.

టెర్మినల్‌లో డ్రైవ్‌ల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొట్టి కొత్త పేరు చూడండి. ఆ ఫైళ్లు తెరిచిన ప్రోగ్రాములు మూసి, యూమౌంట్ కమాండ్‌కు హైఫన్ ఎల్ చేర్చి పాత మౌంటును విడిపించండి. డ్రైవ్ ఫైల్ సిస్టమ్ ఎక్స్‌టీ4 అయితే మళ్లీ మౌంట్ చేయకముందే, తప్పులు వెతికి సరిచేసే ఎఫ్ఎస్‌సీకే నడపాలి. మౌంటైన పార్టిషన్ మీద నడిపితే డేటాకే ముప్పు.

ఏ డ్రైవ్ ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో ఎస్‌డీబీ1 అని రాసుకుంటే, పేరు మారినప్పుడు మౌంట్ కాదు. పేరు మారినా మారని గుర్తింపు సంఖ్య యూయూఐడీ రాయండి, డ్రైవ్ లేకపోయినా బూట్ ఆగకుండా నోఫెయిల్ చేర్చండి. ఎల్ఎస్‌బీఎల్‌కేలో డ్రైవ్ అసలే లేకపోతే హబ్ తీసేసి నేరుగా పోర్టుకు గుచ్చి, కెర్నల్ సందేశాలు చూపే డీఎంఈఎస్‌జీ కమాండ్ చివరి వరుసలు చూడండి.