అరిగిన లివరు, అంగుళానికి ఆరు కుట్లు

జనవరి 18

మిషను ఇంటికొచ్చింది. సింగర్ 29కె51. పేరు చెబితే తెలియకపోవచ్చు గానీ, చెప్పుల దుకాణాల్లో ఉండే ప్యాచ్ మిషను అంటే అందరికీ తెలుస్తుంది: ముందుకు సాగిన సన్నటి చేయి, దాని కొసన చిన్న ప్లేటు, పైన తోలుని నొక్కిపట్టి, ఎటు కావాలంటే అటు గుండ్రంగా తిరిగే ఫుట్టు. సికింద్రాబాద్‌లో ఒక పెద్దాయన కొట్టు ఎత్తేస్తూ స్టాండుతో సహా 6,500కి ఇచ్చారు. ట్రాలీ ఆటోకి ఇంకో 700. బేరమాడలేదు. నలభై ఏళ్లు దీని మీదే ఇల్లు నడిపానన్న మనిషితో ఐదొందల కోసం ఏం పంచాయితీ పెట్టుకుంటాం!

ఆటోలోకి ఎక్కిస్తుంటే ఆయన "ఫుట్టు కాడ జర లూజున్నది బిడ్డా, సూస్కో" అన్నారు. సరేనన్నాను. మిషను దొరికిన సంబరంలో ఆ మాట చెవికెక్కలేదు. దానికి మూడు ఆదివారాలు మూల్యం చెల్లించాను.

సీరియల్ నంబరు వై అక్షరంతో మొదలవుతోంది. స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో 1921 నుంచి 1935 దాకా తయారైన వాటికి ఆ అక్షరం వేసేవారు. మోడల్ పేరులోని 'కె' కూడా ఆ ఫ్యాక్టరీ గుర్తే. ఫ్యాక్టరీ 1980లో మూతపడింది, పక్కనున్న రైల్వే స్టేషన్ పేరు మాత్రం ఇప్పటికీ సింగరే. "మీ తాత ఈడుది" అని అమ్మ మురిసిపోయింది. హాల్లో మాత్రం పెట్టనివ్వలేదు. బాల్కనీలో, వాషింగ్ మెషీన్ పక్కన చోటు దొరికింది.

జనవరి 26

చక్రం ముప్పావు వంతు తిరిగి ఆగిపోతోంది. తుప్పనుకున్నాను, కాదు. ఎవరో ఏళ్ల తరబడి కొబ్బరినూనె పోశారు. అది ఆరి ఆరి తేనె రంగులో లక్కలా గట్టిపడింది. మన ఇళ్లలో కుట్టు మిషన్లకి చేసే అన్యాయం ఇదొకటి. కొబ్బరినూనె తలకి మంచిది, ఇనుముకి కాదు.

రేషన్ కిరోసిన్ కాలం పోయింది కాబట్టి అర లీటరు డీజిల్ తెచ్చాను. సూది తీసేసిన సిరంజితో నూనె రంధ్రాలన్నిట్లోకీ ఎక్కించి రాత్రంతా వదిలేశాను. పొద్దున్నే హెయిర్ డ్రయర్‌తో కాస్త వెచ్చబెట్టి, బలవంతం చేయకుండా చక్రాన్ని ముందుకీ వెనక్కీ ఊపుతూ పోతే పదకొండింటికి పూర్తిగా తిరిగింది. కింద పరిచిన పేపరు మీద నల్లటి జిడ్డు, తోలు పొట్టు, విరిగిన సూది మొన ఒకటి. డీజిల్ తుడిచేశాక కుట్టుమిషను నూనె. డీజిల్ జిడ్డుని కరిగిస్తుందే తప్ప కందెన కాదు, దాన్ని లోపల వదిలేయకూడదు.

విప్పిన స్క్రూలు పాత ఇడ్లీ రేకు గుంటల్లో వరసగా పెట్టాను, ప్రతి దశలో ఒక ఫొటో. ఇది చాదస్తం కాదు. వీటి మరలు సింగర్ సొంత కొలతలవి. ఒక్కటి బాల్కనీ జాలీలోంచి కింద పడిందంటే హార్డ్‌వేర్ షాపులో దానికి జోడు దొరకదు.

రంగు జోలికి పోలేదు. స్పిరిట్టో థిన్నరో తగిలితే బంగారు అక్షరాలు లేచిపోతాయి. దూదికి మిషను నూనె అద్ది తుడిచాను, అంతే. కొందరు మొత్తం గీకేసి కొత్త కారులా పెయింట్ కొట్టిస్తారు. వాళ్ల మిషను, వాళ్ల ఇష్టం. నాకైతే చేయి మీద నలభై ఏళ్ల మోచేతి రాపిడికి నల్లరంగు పోయి ఇనుము మెరుస్తున్న ఆ జానెడు చోటే మిషను మొత్తంలో అందమైన భాగం.

ఫిబ్రవరి 2

దారం ఎక్కించడమే ఒక విద్య. పైనుంచి వచ్చిన దారం మిషను తలలోపలే దిగి సూది దగ్గర బయటికి రావాలి. వేలు పట్టదు, కన్ను ఆనదు. పాత గిటారు తీగ కొసని చిన్న కొక్కెంలా వంచి, కిందనుంచి పైకి తోసి, దారం తగిలించి లాగాలి. మొదటిసారి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. ఆ తీగని ఇప్పుడు అయస్కాంతంతో స్టాండుకే అంటించి ఉంచాను.

సూదుల దగ్గర డబ్బు వృథా అయింది. షాపతను ఇచ్చినవి మామూలు టైలరింగ్ మిషన్లవి, పొడవు సరిపోలేదు. దీనికి 29×3 రకం కావాలి. తోలుకి కోసే మొన ఉన్న 29×4 ఇంకా మంచిది. దారం బాండెడ్ నైలాన్, 210 డెనియర్ (పోగు మందం కొలత) 3 పోగులది, దానికి 18 నంబరు సూది. తోలు 1.5 ఎంఎం ముక్కలు రెండు కలిపి. చెట్ల బెరడుతో పదును చేసిన రకం, ఒకప్పుడు మన వైపు తంగేడు చెక్క వాడేవారే, అలాంటిది.

మొదటి పది కుట్లు పడ్డాయి. పదకొండోది తప్పింది. ఆపైన ప్రతి నాలుగైదు కుట్లకి ఒకటి ఎగిరిపోతోంది. స్టిచ్ పొడవు పూర్తిగా పెంచి పెట్టినా స్కేలు పెడితే అంగుళానికి పది. కుట్టు పొడవు పెరిగేకొద్దీ ఆ లెక్క తగ్గాలి, ఈ రకం మిషను కొత్తలో ఐదు దాకా తగ్గుతుంది.

ఫిబ్రవరి 9, 16

ఈ రెండు ఆదివారాలూ దండగ. దారం బిగువుని సరిచేసే టెన్షన్ స్క్రూ బిగించాను, వదిలాను. దారం మార్చాను. దారానికి తేనె మైనం రుద్దాను. ఫుట్టు ఒత్తిడి పెంచాను, తోలు మీద ఫుట్టు పళ్ల అచ్చులు పడ్డాయి తప్ప కుట్టు పొడవు పెరగలేదు. మామూలు మిషను అయితే తోలుని కిందనున్న పళ్లు జరుపుతాయి. దీనికి కింద పళ్లుండవు. ఫుట్టే లేచి, ముందుకు పోయి, తోలుని కరిచి, వెనక్కి లాగాలి. అంటే ఫుట్టు ఎంత దూరం కదిలితే కుట్టు అంతే. ఇంత తెలిసీ రెండు వారాలు టెన్షన్ స్క్రూ తిప్పుతూ కూర్చున్నానంటే ఏమనాలి.

ఫిబ్రవరి 23

పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆదివారమేగా అని మనవడి బండి మీద ఆయనే వచ్చేశారు. టీ తాగకముందే ఫుట్టుని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని ముందుకీ వెనక్కీ ఆడించారు. చక్రం కదలలేదు, ఫుట్టు మాత్రం టక్ టక్‌మని రెండు ఎంఎం ఊగింది.

"గిదే గద నేను జెప్పింది."

"సంబరంలో పట్టించుకోలేదు బాబాయ్."

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. వెనక మూత విప్పమన్నారు. ఫుట్టుని లాగే ఎల్ ఆకారపు లివరు ఉంటుంది. దాని కొస ఒకవైపు అరిగి పల్లం పడింది. చక్రంతో తిరుగుతూ ఆ లివరుని నెట్టే క్యామ్ కదలిక మొత్తం వచ్చినా, అందులో కొంత ఈ సందులోనే పోతోంది. కుట్టుకి మిగిలేది మిగతాది.

ఆ తర్వాత ప్లేటు తీసి, చక్రం గట్టిగా పట్టుకోమని నాకు చెప్పి, కింది దారం బాబిన్‌ని మోసే షటిల్‌ని వేలితో కదిపారు. అదీ ఊగుతోంది. మిషను చేయి లోపల దాన్ని తిప్పే పళ్లు అరిగాయన్నమాట. కుట్లు తప్పడానికి కారణం అది. షటిల్ మొన సూదిని అందుకునే సరికి సూది దగ్గరి దారం లూపు జారిపోతోంది.

పాత ప్యాచ్ మిషను కొనబోయేవాళ్లు ఈ రెండు పరీక్షలూ అక్కడే చేయండి. నిమిషం పట్టదు. పైన మెరుపు చూసి ధర కట్టకండి.

మార్చి 2

లివరు తీసుకుని గ్యాస్ వెల్డింగ్ షాపుకి వెళ్లాను. మొదటి షాపతను ఆర్క్ వెల్డింగ్ పెడతానన్నాడు, వద్దన్నాను. రెండో చోట ఇత్తడి పోసి పల్లం నింపారు, 250 రూపాయలు. ఇత్తడి ఎందుకంటే ఆకురాయికి లొంగుతుంది, తర్వాత అరిగినా మళ్లీ పోసుకోవచ్చు.

అరగదీయడం మాత్రం ఇంట్లోనే. సన్న ఆకురాయితో పది దెబ్బలు, బిగించి చూడటం, మళ్లీ విప్పడం. మార్కర్ సిరా పూసి బిగిస్తే ఎక్కడ రాసుకుంటోందో అక్కడ సిరా పోతుంది, అంత మేరే తీయాలి. తొందరపడి ఒక్కసారే తీసేస్తే మళ్లీ వెల్డింగ్ షాపే. పద్నాలుగుసార్లు విప్పి బిగించాను. చివరికి ఫుట్టు పట్టి ఊపితే వెంట్రుకంత కదలిక, అది ఉండాల్సిందే.

స్కేలు పెట్టాను. అంగుళానికి ఆరు, ఒక్కోచోట ఆరున్నర. బాల్కనీలో ఒక్కడినే కేక పెట్టాను, కింద వాచ్‌మన్ తలెత్తి చూశాడు.

మార్చి 16

షటిల్‌ని నడిపే పళ్ల కడ్డీ కొత్తది తెప్పించాను, పాత దాని పక్కన పెడితే పళ్ల తేడా కంటికే తెలుస్తోంది. బిగించాక టైమింగ్ చూడాలి. సూది పూర్తిగా కిందికి దిగి, రెండు ఎంఎం పైకి లేచేసరికి షటిల్ మొన సూది కన్నుకి కొంచెం పైన, దాదాపు సూదిని ఆనుకుని వెళ్లాలి. మొబైల్ టార్చి నోట కరుచుకుని చూశాను. రెండు స్క్రూలు వదిలి, కొద్దిగా జరిపి, బిగించాను. ఇప్పుడు జానెడు ముక్క మీద ఒక్క కుట్టు కూడా తప్పలేదు.

ఫుట్టు పళ్ల అచ్చులు మిగిలాయి. పనివాళ్లకి ఇది సమస్య కాదు, బూటు మీద గీత ఎవరు చూస్తారు. పర్సుకి మాత్రం పనికిరాదు. పళ్ల కొసలు కాస్త మొద్దుచేసి, వైర్ల మీద వేసే హీట్ ష్రింక్ గొట్టం ముక్క తొడిగాను. వారానికోసారి మార్చుకోవాల్సి వస్తోంది గానీ అచ్చు పడటం లేదు.

ఏప్రిల్ 6

ఇప్పటిదాకా కుట్టినవి: నాన్న సంచి పట్టీ, రెండు జతల చెప్పులు, ఒక టూల్ బ్యాగు, ఒక బెల్టు. బెల్టు తప్పు. ఫుట్టు నిలకడగా ఉండదు కాబట్టి పొడుగాటి తిన్నని గీత మీద ఇది తాగినవాడిలా నడుస్తుంది. బాబిన్ కూడా బుల్లిది. బెల్టు రెండో అంచు సగంలో దారం అయిపోయింది, అక్కడి అతుకు కనిపిస్తోంది. దీని గొప్పతనం వేరే చోట ఉంది. సంచి మూల లోపల, బూటు ముందు భాగంలో, చేయి దూరని చోట తోలుని కదపకుండా ఫుట్టునే తిప్పి నాలుగు వైపులా కుట్టేయొచ్చు. టూల్ బ్యాగు మూలలు చేతితో, తోలుకి కన్నం పొడిచే ఆరెతో కుట్టి ఉంటే ఒక రోజు పోయేది. అరగంటలో అయింది.

ఏప్రిల్ 13

పెద్దాయనకి చెప్పుల జత ఇచ్చి వచ్చాను. ఆయన పైన చూడనే లేదు. పట్టీ తిప్పి అడుగువైపు కుట్టు మీద గోరుతో గీకారు, ముడి బయటికొచ్చిందేమోనని.

"కుట్టు మంచిగనే ఉన్నది. దారం సన్నం. చెప్పుకి ఇది ఆగదు."

ఇంకో మెట్టు మందమైన దారం, దానికి తగ్గ 20 నంబరు సూదులు ఆర్డర్ పెట్టాను. షటిల్ టెన్షన్ మళ్లీ మొదటినుంచి చూసుకోవాలి.