లిన్నేయస్ ఇంటిపేరు ఎక్కడిది: ఆరు నెలల వెతుకులాట నోట్సు

జనవరి 12

మా ఇంటి నుంచి జగన్నాథపురం వంతెనకి పది నిమిషాల నడక. కాకినాడలోనే పుట్టి పెరిగినా, ఆ వంతెన అవతల 1785లో ఒక గొప్ప వృక్షశాస్త్రవేత్త కన్నుమూశాడని నాకు పోయిన నెలలోనే తెలిసింది. ఆయన పేరు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. 1768లో తరంగంబాడిలోని డేనిష్ మిషన్‌కి డాక్టరుగా వచ్చి, కోరమాండల్ తీరం పొడుగునా తిరిగి మొక్కలు సేకరించాడు. చివరికి జిగట విరేచనాలు పట్టుకుని జగన్నాథపురంలో పోయాడు. ఆఖరి రోజుల్లో వైద్యం చేసింది అప్పట్లో సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్.

ఈ కోనిగ్‌కి గురువు స్వీడన్‌లోని కార్ల్ లిన్నేయస్. మొక్కలకీ జంతువులకీ రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరిచినవాడు. నాకు ముందు నుంచీ ఇంటిపేర్ల మీద ఆసక్తి. ఏ పేరు విన్నా ఇది ఊరి పేరా, చెట్టు పేరా, వృత్తి పేరా అని ఆలోచిస్తాను. అందుకే లిన్నేయస్ దగ్గర ఆగిపోయాను. స్వీడన్‌లో అందరికంటే ఎక్కువ మందికి ఉన్న ఇంటిపేర్లు ఆండర్సన్, యోహాన్సన్. ఒక్కొక్కటీ 2 లక్షల మందికి పైనే ఉంది. వాటి పక్కన లిన్నేయస్ అసలు ఆ దేశపు పేరులాగే అనిపించదు. ఎక్కడ పుట్టింది, ఎంతమందికి ఉండేది, చివరికి ఏమైంది? ఈ మూడింటికీ జవాబు రాబట్టాలని కూర్చున్నాను.

సరంజామా పెద్దదేం కాదు: 200 పేజీల లాంగ్ నోట్‌బుక్, ఒక ఎక్సెల్ ఫైలు, రాత్రి భోజనాలయ్యాక గంటన్నర సమయం.

జనవరి 26

మొదటి ప్రశ్నకి జవాబు నేననుకున్న దానికంటే త్వరగా దొరికింది. అది ఒక చెట్టు.

కార్ల్ తాత పేరు ఇంగెమార్ బెంగ్ట్‌సన్, అంటే బెంగ్ట్ కొడుకు ఇంగెమార్. ఆయన కొడుకు నిల్స్ ఇంగెమార్సన్, అంటే ఇంగెమార్ కొడుకు నిల్స్. ఆ కాలపు స్వీడన్ రైతు కుటుంబాల్లో ఇంటిపేరు ఉండేది కాదు. తండ్రి పేరుకి 'సన్' చేరిస్తే కొడుకు, 'డాటర్' చేరిస్తే కూతురు. తరం మారగానే ఆ రెండో మాటా మారిపోయేది. అన్నకీ చెల్లెలికీ కూడా అది వేరుగానే ఉండేది.

నిల్స్ పాస్టర్ కావాలని లుండ్ యూనివర్సిటీలో చేరాడు. చదువుకున్నవాడికి లాటిన్‌లో ఒక స్థిరమైన ఇంటిపేరు ఉండాలి. దక్షిణ స్వీడన్‌లో స్మోలాండ్ అనే ప్రాంతం, అందులో విట్టరీడ్ పారిష్ (అంటే ఒక చర్చి పరిధిలోని ఊళ్లు), అందులో యూన్స్‌బూడా అనే వ్యవసాయ క్షేత్రం. అక్కడ కుటుంబ భూమిలో మూడు మానులుగా ఎదిగిన పెద్ద లిండెన్ చెట్టు ఉండేది. స్వీడిష్‌లో దాన్ని లిండ్ అంటారు. ఆ ప్రాంతపు పాత పలుకుబడిలో లిన్. ఆ 'లిన్'కి లాటిన్ తోక తగిలించి నిల్స్ లిన్నేయస్ అయ్యాడు.

ఆ చెట్టు నుంచి వచ్చిన పేరు అదొక్కటే కాదని తెలిసినప్పుడు నా ఆనందం చెప్పలేను. బంధువుల్లో ఒక శాఖ 'లిండ్' నుంచి లిండేలియస్ అని పెట్టుకుంది. నిల్స్ మేనమామలు ఆ చెట్టుకి లాటిన్‌లో ఉన్న 'టిలియా'ని తీసుకుని, మనిషి అని అర్థమిచ్చే గ్రీకు మాట నుంచి వచ్చిన 'ఆండర్' చేర్చి టిలియాండర్ అయ్యారు. లిండెన్ మనిషి అన్నమాట. ఆ మేనమామల్లో ఒకరు ప్యెట్టరీడ్‌లో పాస్టర్‌గా ఉన్న స్వెన్ టిలియాండర్. నిల్స్‌ని తన పిల్లలతో పాటు కూర్చోబెట్టి చదివించినవాడు, తోటపని మీద ఇష్టం కలిగించినవాడు ఆయనే. మేనమామ ఇంటి తోట నుంచి మేనల్లుడి తోటకి, అక్కడి నుంచి ఆ మేనల్లుడి కొడుక్కి మొక్కల పిచ్చి పాకింది.

ఆ చెట్టు గురించి ఆ చుట్టుపక్కల ఒక కథ చెప్పుకునేవారు. మూడు కుటుంబాల్లో ఒకటి అంతరించినప్పుడల్లా చెట్టుకి ఒక పెద్ద కొమ్మ ఎండిపోయిందట. దీన్ని చరిత్ర కింద కాకుండా ఆ ఊరి కథగానే రాసుకున్నాను. మర్రి, రావి, చింతా అనే ఇంటిపేర్ల మధ్య పెరిగినవాడిని కదా, చెట్టుకీ వంశానికీ ముడివేసిన ఈ కథ నాకు మన ఊళ్లో చెప్పినట్టే వినిపించింది.

ఫిబ్రవరి 16

మూడు వారాలు తప్పుదారిలో నడిచాను. ఈ పని మొదలుపెట్టేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

లిండ్ అంటే ఆ చెట్టే కాబట్టి లిండ్‌బర్గ్, లిండ్‌గ్రేన్, లిండ్‌క్విస్ట్, లిండ్‌స్ట్రోమ్ వాళ్లందరూ ఏదో ఒక శాఖ అనుకుని 140 వరుసల జాబితా తయారుచేశాను. తీరా చూస్తే వాటికీ యూన్స్‌బూడా చెట్టుకీ ఏ సంబంధమూ లేదు. ప్రకృతిలోంచి రెండు మాటలు తీసుకుని అతికించుకునే అలంకార నామాలవి. లిండ్ అంటే లిండెన్, బర్గ్ అంటే కొండ, స్ట్రోమ్ అంటే ప్రవాహం, గ్రేన్ అంటే కొమ్మ. 'సన్' పేర్లు వదిలి కొత్త పేరు కావాలనుకున్నవాళ్లు ఎవరికి వారు చెవికి ఇంపుగా ఉన్న జంట కూర్చుకున్నారు. ఒకే పేరు ఏ బంధుత్వమూ లేని ఎన్నో కుటుంబాల్లో విడివిడిగా పుట్టింది. జాబితా మొత్తం తీసేశాను.

ఇప్పుడు పేరు చూడగానే ముందు దాని తోక చూస్తున్నాను. చివర 'ఇయస్', 'ఏయస్', 'ఆండర్' ఉంటే చాలావరకు పాస్టర్ల, పండితుల కుటుంబం. అందులోనూ ఎక్కువసార్లు ఒక ఊరో క్షేత్రమో దాక్కుని ఉంటుంది. ఉష్ణోగ్రత కొలతకి పేరిచ్చిన సెల్సియస్ కుటుంబపు సొంత చోటు హోగెన్, అంటే దిబ్బ. దాన్నే లాటిన్ చేసుకున్నారు. నోబెల్ కూడా అలాంటిదే: స్కోనె ప్రాంతంలోని ఓస్ట్రా నొబ్బెలోవ్ అనే ఊరి నుంచి నొబేలియస్ పుట్టి, తర్వాతి తరాల్లో తోక తెగి నోబెల్ మిగిలింది. పేరు పొట్టిగా రాస్క్ (చురుకైన), మూడిగ్ (ధైర్యవంతుడు), స్టోల్ (ఉక్కు), డోల్క్ (బాకు) అని ఉంటే సైనికుడి పేరు అయ్యుండొచ్చు. దళంలో పదిమంది ఆండర్సన్‌లు ఉంటే పిలవడం కష్టమని కొత్త పేరు ఇచ్చేవారు. చాలాచోట్ల ఒక సైనికుడు పోయాక, అతనికి ఇచ్చిన గుడిసెలోకి వచ్చిన కొత్త సైనికుడికి అదే పేరు దక్కేది. కాబట్టి అక్కడ ఇంటిపేరు కలిసినంత మాత్రాన రక్తసంబంధం ఉన్నట్టు కాదు.

మార్చి 23

రికార్డుల్లోకి దిగాను. స్వీడన్ జాతీయ ఆర్కైవ్స్ స్కాన్ చేసిన చర్చి పుస్తకాలు 2018 నుంచి ఇంటర్నెట్‌లో ఉచితం. ఇక్కడ కూర్చుని విట్టరీడ్ పుస్తకాలు తిరగేయడానికి పైసా ఖర్చు కాలేదు.

ఇంటిపేరుతో వెతికితే ఏమీ దొరకదు. ముందు పారిష్ పట్టుకోవాలి. పారిష్ పుస్తకాలకి అక్షరాల గుర్తులుంటాయి: సి అంటే జననాలు, ఇ పెళ్లిళ్లు, ఎఫ్ మరణాలు, బి ఊరికి వచ్చినవాళ్లూ వెళ్లినవాళ్లూ, ఎ-1 అంటే ఇంటింటి పరీక్ష పుస్తకాలు. ఈ చివరివి అసలైన నిధి. 1686 చర్చి చట్టం తర్వాత, పాస్టర్ తన పరిధిలోని ప్రతి ఇంటివాళ్లకీ చదవడం వచ్చా, మత పాఠం వచ్చా అని పరీక్షించి రాసిపెట్టాలి. అలా ఇంట్లో ఎవరెవరు ఉన్నారో, ఎప్పుడు పుట్టారో, ఎక్కడికి వెళ్లిపోయారో అంతా ఒకేచోట దొరుకుతుంది.

యూన్స్‌బూడా పేజీ ఒకటి 200 శాతం జూమ్ చేసి గంటసేపు చూశాను. పైన క్షేత్రం పేరు సాగదీసిన అక్షరాల్లో ఉంది. కింద యజమాని, భార్య, పిల్లలు, వాళ్ల కింద పాలేరు, పనమ్మాయి. వెనక పేజీ సిరా ఇవతలికి ఊరి అక్షరాల మీద గోధుమరంగు నీడలా పడింది. ఊరు మారినవాళ్ల పేర్ల మీద అడ్డంగా ఒక గీత. ఆ వరుసల్లో ఒక్క లిన్నేయసూ లేడు, లిండేలియసూ లేడు. అందరూ సన్‌లు, డాటర్‌లు. మొదట నిరాశ పడ్డాను, తర్వాత విషయం అర్థమైంది. చెట్టు పేరు పెట్టుకున్నవాళ్లు చదువుకుని ఊరు విడిచినవాళ్లు. చెట్టు దగ్గరే ఉండి పొలం దున్నినవాళ్లకి ఆ పేరు అవసరం పడలేదు.

వెతికేటప్పుడు నన్ను ఇబ్బంది పెట్టినవి ఇంకొన్ని. 1906 లిపి సంస్కరణకి ముందు విట్టరీడ్ మొదట్లో ఒక 'హెచ్' అదనంగా రాసేవారు. ఆ స్పెల్లింగు తెలియక రెండు రాత్రులు పోయాయి. స్వీడిష్ అక్షరమాలలో చుక్కలూ సున్నా ఉన్న మూడు అచ్చులు 'జెడ్' తర్వాత చివర్లో వస్తాయి, కాబట్టి సూచికలో వాటి కోసం మొదట్లో వెతక్కూడదు.

ఏప్రిల్ 13

ఈ నెల నాకు బాగా నచ్చిన విషయం ఆడవాళ్ల పేర్లు. లాటిన్ ఇంటిపేరు ఉన్న ఇంట్లో కూతురి పేరు చివర లాటిన్ స్త్రీలింగ ప్రత్యయం పెట్టేవారు. కార్ల్ తల్లి క్రిస్టీనా, బ్రొడెర్సోనియస్ అనే పాస్టర్ కూతురు. ఆవిడ పేరు క్రిస్టీనా బ్రొడెర్సోనియా. కార్ల్ భార్య సారా ఎలిసబెత్ తండ్రి మొరేయస్, ఆవిడ మొరేయా. కార్ల్ చెల్లెళ్లు లిన్నేయా. పురుష రూపంతో మాత్రమే వెతికితే ఇంట్లో సగం మంది కనబడరు. నేను మొదటి రెండు నెలలు చేసింది అదే. ఇప్పుడు ప్రతి పేరుకీ రెండు రూపాలూ, స్పెల్లింగు తేడాలూ కలిపి కనీసం నాలుగు వరుసలు పెట్టుకున్నాను.

తేదీలతో కూడా బాగా టెన్షన్ పడ్డాను. స్వీడన్ 1700లో లీపు రోజు వదిలేసి పాత (జూలియన్) క్యాలెండర్‌కీ, మనం ఇప్పుడు వాడే కొత్తదానికీ మధ్య ఎటూ కాకుండా నిలబడింది. 1712లో వెనక్కి వెళ్లడానికి ఫిబ్రవరికి 30వ తేదీ ఇచ్చింది. చివరికి 1753లో ఫిబ్రవరి 17 తర్వాత నేరుగా మార్చి 1కి దూకి కొత్త క్యాలెండర్‌లోకి వచ్చింది. కార్ల్ పుట్టింది రోస్‌హుల్ట్‌లో, అక్కడి లెక్కలో 1707 మే 13న. మన లెక్కలో మే 23. 1712 ఫిబ్రవరి దాకా 10 రోజులు, ఆ తర్వాత 1753 దాకా 11 రోజులు కలుపుకోవాలి. ఎక్సెల్ 1900కి ముందు తేదీలను తేదీలుగా తీసుకోదు కాబట్టి ఆ గడులు టెక్స్ట్‌గా మార్చి, 'రాసి ఉన్న తేదీ', 'మన తేదీ' అని రెండు నిలువు వరుసలు పెట్టాను.

రోస్‌హుల్ట్ ఉన్నది ఎల్మ్‌హుల్ట్ దగ్గర, 1958లో ఐకియా మొదటి షాపు తెరిచిన ఊరు అదే. ఇంగ్లీషులో రాసే ఆ కంపెనీ పేరులో చివరి రెండు అక్షరాలు 'ఇ', 'ఎ' కూడా దాని స్థాపకుడు పెరిగిన క్షేత్రం ఎల్మ్‌టరీడ్, దాని పారిష్ అగున్నరీడ్. మనిషి పేరు పక్కన మట్టి పేరు పెట్టుకోవడం ఆ ప్రాంతంలో ఇంకా పోలేదన్నమాట.

మే 25

రెండో ప్రశ్న, ఎంతమందికి ఉండేది? దీనికి జవాబు దొరికాక రెండు రోజులు నా మనసు బాగోలేదు.

చాలామంది లిన్నే అసలు పేరనీ, లిన్నేయస్ దానికి లాటిన్ రూపమనీ అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నిజం తలకిందులు. పుట్టుకతో వచ్చింది లిన్నేయస్. రాజు 1761లో కార్ల్‌కి ప్రభు వంశపు హోదా ఇచ్చి, అది 1757 నుంచే వర్తిస్తుందన్నాడు. అప్పుడు ఫాన్ లిన్నే అయ్యాడు. ఆ పేరు ఆయనకీ ఆయన సంతానానికీ మాత్రమే. స్టేన్‌బ్రూహుల్ట్‌లో తండ్రి తర్వాత పాస్టర్ అయిన తమ్ముడు సామ్యూల్ లిన్నేయస్‌గానే ఉండిపోయాడు. తేనెటీగల పెంపకం మీద పుస్తకం రాసినవాడు ఆ తమ్ముడే.

కార్ల్‌కి ఇద్దరు కొడుకులు. చిన్నవాడు యోహానెస్ మూడేళ్లు నిండకముందే పోయాడు. పెద్దవాడి పేరూ కార్లే. ఉప్సాలాలో తండ్రి పదవి ఈ కొడుక్కే దక్కింది. పెళ్లి చేసుకోకుండానే 1783లో, 42 ఏళ్లకి చనిపోయాడు. ఆయనతో ఫాన్ లిన్నే వంశం ముగిసింది. పెరిగి పెద్దయిన నలుగురు కూతుళ్లలో లోవిసా 1839 దాకా బతికింది గానీ ప్రభు వంశం కొడుకుల ద్వారానే కొనసాగుతుంది. ఆ పేరు మోసింది రెండు తరాలే. నా షీటులో ఆ శాఖ మొత్తం పది వరుసలు దాటలేదు.

ఇప్పటి లెక్కలు కావాలంటే స్వీడన్ గణాంక శాఖ వెబ్‌సైట్‌లో పేరు టైపు చేస్తే ఎంతమందికి ఉందో చూపిస్తుంది. 2017లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం కనీసం 2,000 మందికి ఉన్న ఇంటిపేరును ఎవరైనా తీసుకోవచ్చు. అంతకంటే తక్కువమందికి ఉన్న పేర్లకి రక్షణ ఉంది. అరుదైన పేరును చట్టం ఆస్తిలా కాపాడుతుంది.

ఈ వరుస మూసేసే ముందు ఇంకొకటి కనబడింది. ఉత్తరాది అడవుల్లో నేలబారున పాకే చిన్న గులాబీ రంగు జంట పువ్వు ఉంది, కార్ల్‌కి ప్రాణమైన మొక్క. దానికి ఆయన పేరు మీద లిన్నేయా అని పెట్టారు. వంశానికి హోదా వచ్చినప్పుడు దాన్ని తన వంశచిహ్నంలో పెట్టించుకున్నాడు. ఆ పువ్వు నుంచి లిన్నేయా ఆడపిల్లల పేరైంది. ఇవాళ స్వీడన్‌లో చాలామంది ఆడవాళ్లకి ఉన్న పేర్లలో అదొకటి. ఒకప్పుడు కార్ల్ చెల్లెళ్లకి ఇంటిపేరుగా ఉన్న మాటే ఇది. నోట్‌బుక్‌లో ఈ రెండు పేజీలకీ మధ్య ఎర్ర పెన్నుతో బాణం గీశాను.

జూన్ 15

పెరట్లో కరివేపాకు చెట్టు దగ్గర నిలబడి రాస్తున్నాను. దీని శాస్త్రీయ నామం బెర్గెరా కోనిగి. చాలా పుస్తకాల్లో ముర్రయా కోనిగి అని ఉంటుంది. రెండో మాట జగన్నాథపురంలో పోయిన ఆ కోనిగ్ పేరే. ఆయన గౌరవార్థం గురువు లిన్నేయస్ పెట్టాడు. నేను జనవరిలో ఎక్కడ మొదలుపెట్టానో తిరిగి అక్కడికే, మా పెరట్లోకే వచ్చాను.

మొక్క పేరు తర్వాత దాన్ని నామకరణం చేసినవాళ్ల పేరు పొట్టిగా రాస్తారు. అందరికీ కొన్ని అక్షరాలుంటాయి, లిన్నేయస్‌కి మాత్రం ఒక్క 'ఎల్' చాలు. మామిడి, చింత, తాడి, వీటన్నిటి పేర్ల చివర ఆ ఒక్క అక్షరమే ఉంటుంది.

ఆయన కొడుకు పేరు పెట్టిన మొక్కలకి 'ఎల్' పక్కన 'ఎఫ్' కూడా ఉంటుంది. లాటిన్‌లో ఫీలియస్, అంటే కొడుకు. టేకు పేరు చివర అది ఉంది. శేషాచలం కొండల్లో పెరిగే ఎర్రచందనం పేరు చివర కూడా అదే ఉంది. తాత నిల్స్ లుండ్‌లో వదిలేసిన 'సన్', ఆ వంశంలో ఆఖరివాడి పేరు పక్కన ఇలా మళ్లీ వచ్చింది.

నా షీటులో ఆయన వరుసకి ఇన్నాళ్లూ ఖాళీగా ఉంచిన 'పేరు ఇప్పుడు ఎక్కడుంది' అనే గడిలో ఎర్రచందనం, టేకు అని రాశాను. వచ్చే వారం టిలియాండర్ శాఖ మొదలుపెడతాను. ప్యెట్టరీడ్ మరణాల పుస్తకం, ఎఫ్ వరుస, మొదటి సంపుటి నుంచి.