బెంగళూరు హైస్కూల్లో లక్కపని పీరియడ్

ఏటికొప్పాక, నక్కపల్లి వైపు నుంచి లక్కపని నేర్చుకుని బెంగళూరు వచ్చినవాళ్లకి ఫర్నిచర్ షాపుల కంటే స్కూళ్లలో మర్యాదైన పని దొరకొచ్చు. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు బ్యాగు లేకుండా చేతిపనులు నేర్పాలని చెప్పింది. అంతకన్నా ముందుకెళ్లి వారానికి రెండు పీరియడ్లు ఇచ్చే హైస్కూళ్లూ ఉన్నాయి. అయితే పనితనం ఒకటి, నలభై నిమిషాల్లో ముప్పై ఆరుమంది చేత పని చేయించడం ఇంకొకటి. చాలామంది తడబడేది ఈ రెండోదాని దగ్గరే.

ముందు లెక్క చూడండి. హాజరు, సర్దుడు, ఊడుపు పోగా మిగిలేది ముప్పై నిమిషాలు. రెండు లేత్‌లు, అంటే కర్రని తిప్పుతూ ఉలితో చెక్కే యంత్రాలు, ఉన్నాయనుకుందాం. చెక్క నునుపు చేయడం నుంచి లక్క పట్టించడం దాకా ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు ఇస్తే పీరియడ్‌కి నలుగురే అవుతారు, క్లాసు పూర్తవడానికి తొమ్మిది పీరియడ్లు పడతాయి. మిగతా ముప్పై రెండు మంది ఏం చేస్తారో ఊహించుకోవచ్చు. అందుకే ఒకటిన్నర అంగుళం మందాన గుండ్రటి కడ్డీలు మీరే ముందుగా తిప్పి ఉంచుకోవాలి. చివరి ఆకారం, లక్క మాత్రం పిల్లలకి వదిలేస్తే మనిషికి ఐదు నిమిషాలు చాలు, మూడు పీరియడ్లలో అందరి చేతా ఒక బొమ్మ అవుతుంది. తమ వంతు రానివాళ్లు అట్టముక్క మీద బొమ్మ అంచు గీసి కత్తిరించి, ఆ అచ్చుతో కడ్డీ మీద పెన్సిల్ గీతలు పెడతారు. రెండు పీరియడ్లూ ఒకేరోజు వెనకా ముందూ ఇమ్మని టైంటేబుల్ వేసే మేడమ్‌ని జూన్‌లోనే అడగాలి. తర్వాత అడిగితే మ్యాథ్స్ వాళ్లు వదలరు.

కర్రకి ఇబ్బంది లేదు. మన ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్రనే కర్ణాటకలోని బొమ్మల ఊరు చన్నపట్నంలో ఆలెమర అంటారు, రెండూ ఒకటే చెట్టు. మైసూరు దారిలో అరవై కిలోమీటర్ల దూరం, రైల్లో పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేయొచ్చు. ఆరిందంటే నమ్మి కొనేయకండి. ఒక ముక్కని వంటింటి త్రాసు మీద తూచి, బరువు దాని మీదే రాసి, వారానికోసారి మళ్లీ తూచండి. రెండు వారాలు బరువు మారకపోతే ఆరినట్టు. పచ్చి కర్ర తిప్పితే ఆ రోజు బాగానే ఉంటుంది, ఇంటికెళ్లాక చివర్ల నుంచి చీలుతుంది. వానాకాలంలో నిల్వ చేసేటప్పుడు కోసిన చివర్లకి మైనం పూయండి.

లేత్‌కి అర హెచ్‌పీ మోటారు చాలు. కానీ నో-వోల్ట్ స్విచ్ (కరెంటు పోతే తనే ఆఫ్ అయిపోయేది) లేని యంత్రాన్ని స్కూల్లో పెట్టనివ్వకండి. మామూలు స్విచ్ అయితే కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు యంత్రం దానంతటదే తిరుగుతుంది, అప్పటికి ఎవరి వేలు ఎక్కడుందో తెలియదు. ఈ స్విచ్ ఎస్‌జేపీ రోడ్డు, ఎస్పీ రోడ్డు దుకాణాల్లో దొరుకుతుంది. చున్నీ, టై, ఐడీ కార్డు తాడు తీసేయించాలి, జుట్టు ముడి వేయించాలి. ఉలిని ఆనించే టూల్ రెస్ట్‌కీ కర్రకీ మధ్య సందు మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లే ఉండాలి. స్విచ్ వేసేముందు కర్రని చేత్తో ఒక చుట్టు తిప్పి, ఎక్కడా తగలట్లేదని చూడాలి. ఏటవాలు ఉలి పిల్లలకి వద్దు, మూల కర్రలో దిగి విసిరికొడుతుంది. గుండ్రటి ముక్కున్న గీకుడు ఉలి ఇవ్వండి. ఉప్పుకాగితం పెట్టేముందు టూల్ రెస్ట్ తీసేయాలి, లేకపోతే వేలు ఆ సందులోకి పోతుంది. కాగితాన్ని వేలికి చుట్టుకోనివ్వకూడదు.

ఇక లక్క. పిల్లలు ఎదురుచూసేదీ, పని పాడయ్యేదీ ఇక్కడే. లక్క కరగబెట్టి రంగు కలిపే పని క్లాసులో పెట్టుకోవద్దు, రంగు లక్క కడ్డీలు చన్నపట్నం నుంచి తెచ్చుకోండి, లేదా ఇంట్లో చేసుకోండి. తిరిగే కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి చారలుగా అంటుకుంటుంది. ఆ వెంటనే మొగలి ఆకుతో అదిమితే చారలన్నీ కలిసి నిగనిగలాడతాయి. ఆకు అంచుల ముళ్లు ముందే కోసేయాలి. ఒకటిన్నర అంగుళం కర్రకి నిమిషానికి 1500 చుట్లు సరిపోతాయి. వేగం తగ్గినా, కడ్డీ భయంభయంగా ఆనించినా వేడి పుట్టదు, లక్క పొడిలా రాలుతుంది. ఒకేచోట ఎక్కువసేపు నొక్కితే మాడి నల్లబడుతుంది. మచ్చలు మచ్చలుగా అంటిందంటే ఉప్పుకాగితం దుమ్ము తుడవలేదు, లేదా టిఫిన్ డబ్బా తెరిచిన నూనె చేత్తో కర్ర ముట్టుకున్నారు. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. ఆకు మాత్రం రంగుకొకటి ఉండాలి, లేకపోతే పసుపు మీద నీలం మరక తేలుతుంది. లోతైన గాట్లలోకి ఆకు వెళ్లదు కాబట్టి పిల్లల అచ్చులో అలాంటి గాట్లుంటే గీసేటప్పుడే కొట్టేయండి.

అయిపోయిన బొమ్మని శానిటైజర్ రాసిన చేత్తో పట్టుకుంటే మెరుపు పోయి జిడ్డుగా అంటుకుంటుంది. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది మరి. ఎండలో నిలిపిన స్కూలు బస్సు కిటికీ దగ్గర పెట్టినా మెత్తబడుతుంది.

మొదటి బొమ్మగా వేళ్లతో తిప్పే బొంగరం మంచిది. కాడ ఆరు మిల్లీమీటర్లు, బరువు కిందికి ఉండాలి. కాడనీ ఒంటినీ ఒకసారి బిగించిన కర్రలోనే పూర్తి చేయాలి. తీసి మళ్లీ బిగిస్తే ఇరుసు తప్పి బొంగరం ఊగుతుంది.

“మా అమ్మమ్మ వాళ్లింట్లో ఇలాంటి లక్కపిడతలున్నాయి సార్” అనే పిల్ల మారతహళ్లి, కేఆర్ పురం వైపు ఏ క్లాసులోనైనా ఉంటుంది. వాళ్ల నాన్న మాత్రం మీటింగులో “దీనికి మార్కులుంటాయాండీ?” అని అడుగుతాడు. ఆయన్ని ఒప్పించాలని చూడకండి. రంగులు తిండికి వాడే పసుపు, జాఫ్రా గింజల లాంటివైతే ఆ మాట చెప్పండి, అది ఆయనకి నచ్చుతుంది. ఏటికొప్పాకలో ఈ సహజ రంగుల్ని నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది.

జీతం మాట్లాడేటప్పుడు పది నెలలకా, పన్నెండుకా అని ముందే తేల్చుకోండి. కర్ర, లక్క, ఉప్పుకాగితం ఖర్చు ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. పోలీస్ వెరిఫికేషన్ అడుగుతారు, సొంతూరి చిరునామా ఉంటే ఆలస్యమవుతుంది కాబట్టి చేరక ముందే మొదలుపెట్టండి.

యాన్యువల్ డేకి పిల్లల బొమ్మలు అమ్మకానికి పెడితే బల్ల మీద చన్నపట్నం అనీ, ఏటికొప్పాక అనీ బోర్డు రాయొద్దు. రెండిటికీ జీఐ (ఊరి పేరుతో ముడిపడిన సరుకుకి ఇచ్చే భౌగోళిక గుర్తింపు) ఉంది, మనదానికి 2017లో వచ్చింది. ఆ పేరు వాడుకునే హక్కు అక్కడి నమోదైన కళాకారులదే. ‘లక్క బొమ్మలు, తొమ్మిదో తరగతి బి సెక్షన్’ అని రాస్తే చాలు.