చింతపల్లి వాళ్ళు మే నెలలో రమ్మన్నారు

నర్సీపట్నంలో చింతపల్లి బస్సెక్కితే డౌనూరు దాకా మామూలు ప్రయాణమే. ఆ తర్వాత ఘాట్ మొదలవుతుంది, కిటికీలోంచి వాన జల్లు ఒళ్ళోకొస్తుంది. జూలై ఆఖరు కాబట్టి మంచు చూడ్డానికొచ్చే జనం లేరు. బస్సు నిండా కిందికెళ్ళి పనసకాయలు అమ్ముకుని ఖాళీ గోనెలతో తిరిగొస్తున్న కొండ ఆడవాళ్ళు, వాళ్ళ మధ్యలో ఒళ్ళో బ్యాగులు పెట్టుకుని వ్యవసాయ బీఎస్సీ నాలుగో సంవత్సరం పిల్లలు. రావెప్, అంటే గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం పిల్లలన్నమాట. చివరి ఏడాదిలో కొన్ని వారాలు పల్లెలోనే ఉండి, రైతు వెంట తిరిగి, నేర్చుకుని, నేర్పాలి. దేశమంతటా వ్యవసాయ విద్యార్థులకు ఇది తప్పనిసరి. 2015 నుంచి స్టూడెంట్ రెడీ కార్యక్రమంలో భాగంగా నడుస్తోంది.

నా ముందు సీట్లో కుర్రాడి చేతిలో చుట్టిన ఫ్లెక్సీ ఉంది. పక్కన కూర్చున్నావిడ అది చూసి, "ఏటి బాబూ అది, బేనరా?" అంది.

"అవునమ్మా. సుస్థిర అభివృద్ధి మీద."

"ఫొటో అయిపోయాక మాకిచ్చెయ్యండి. చూరు కారుతోంది, కప్పుకుంటాం."

కుర్రాడు నవ్వి సరేనన్నాడు. ఆవిడ నవ్వలేదు, నిజంగానే అడిగింది. కాసేపాగి ఇంకో మాటంది. "మీరెప్పుడూ నాట్లప్పుడే వస్తారేటి? ఇప్పుడు కూకోడానికి మాకు తీరికెక్కడిది? ఎండల్లో రండి. అప్పుడు పనీ ఉండదు, చెప్పింది వినడానికి ఓపికా ఉంటాది."

లంబసింగి రాకముందే ఆవిడ దిగిపోయింది. ఆ తర్వాత ఊళ్ళో ఏం చూసినా ఆ ప్రశ్నే అడ్డొస్తూ పోయింది.

లంబసింగిలో బస్సు ఆగితే టీ తాగాం. చిన్న కప్పు 20 రూపాయలు. డిసెంబరు రద్దీకి పెట్టిన ధర వానాకాలంలోనూ దిగలేదు. పక్కనే టెంట్లు, బొంగు చికెన్ బోర్డులు, అన్నీ తడిసి ముద్దయి ఉన్నాయి. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున్న ఈ చోటికి లక్షల జనం వచ్చిపోతున్నా, ఆ డబ్బు రోడ్డు దిగి లోపలి ఊళ్ళకు ఎంత చేరుతోందో లోతుగెడ్డ జంక్షన్ దాటి నాలుగు అడుగులు వేస్తే కళ్ళకు కడుతుంది.

పిల్లలతో కలిసి మేం దిగిన ఊరు భగతలు, కొండదొరలు అనే గిరిజనులు ఉండే చోటు. అందరూ తెలుగు మాట్లాడేవాళ్ళే. మొదటి సమావేశం పొద్దున్న పదకొండుకి పెట్టారు. స్కూలు అరుగు మీద ఇద్దరు ముసలివాళ్ళు, చంటిపిల్లలు తప్ప ఎవరూ లేరు. ఊరంతా చోడి, అంటే రాగి, నాట్లలో ఉంది. పదిహేడు రంగుల గళ్ళున్న ఆ ఫ్లెక్సీ గోడకు అలాగే వేలాడింది. 2030 నాటికి చేరాలని ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న లక్ష్యాలవి. వెంట వచ్చిన మాస్టారు వెంటనే సమయం మార్చారు. రాత్రి ఏడు తర్వాత, వంటలయ్యాక, దీపం కింద. అక్కణ్ణుంచి పని నడిచింది.

ఊరి పటం వేయడంతో మొదలుపెట్టారు. దీనికి చార్టు, పెన్నూ తీయకూడదు. ముగ్గు, ఇటుక పొడి, బూడిద, పసుపు, ఆకులు, గులకరాళ్ళు సిద్ధంగా పెట్టుకుని, "మీ ఊరు ఎక్కడ మొదలవుతుందో చూపించండి" అని అడిగి పక్కకు జరగాలి. విద్యార్థి ముగ్గు చేతిలోకి తీసుకున్నాడంటే పటం వాడిదైపోతుంది, ఊరివాళ్ళు తలూపుతూ నిలబడిపోతారు. మగవాళ్ళచేత, ఆడవాళ్ళచేత విడివిడిగా వేయించాలి. ఇక్కడ మగవాళ్ళు తారురోడ్డుతో మొదలుపెట్టి ఇళ్ళు, గుడి, పొలాలు గీశారు. ఆడవాళ్ళు ముందు ఊట పెట్టారు. దాని నుంచి పారే వాగు, అంటే గెడ్డ, గెడ్డ పక్కన పసుపు మడులు, పైన కట్టెలు తెచ్చుకునే అడవి, ఆ తర్వాతే ఇళ్ళు. మగవాళ్ళ పటంలో ఊట అసలు లేనే లేదు. మేకలు తొక్కకముందే రెండింటినీ కాగితం మీదకు ఎక్కించి, ఒక ప్రతి ఊళ్ళోనే వదిలేయాలి.

రెండో పని నెలల పట్టిక. నేల మీద పన్నెండు గళ్ళు గీసి, రాజ్‌మా గింజలిచ్చి, ఏ నెలలో పని ఎంతో అన్ని గింజలు పెట్టమన్నారు. గడికి పదికి మించకూడదు. అదే గళ్ళలో రెండో వరుస ఇంట్లో తిండికి, మూడో వరుస చేతిలో డబ్బుకి. జూలై, ఆగస్టు గళ్ళలో పనికి పదేసి గింజలు పడ్డాయి, తిండికి రెండేసి. పాత చోడి అయిపోయి కొత్త పంట రాని కాలం ఇది. నవంబరు నుంచి కాఫీ పళ్ళ కోత, ఆపైన పసుపు తవ్వకం, చేతిలో నాలుగు డబ్బులు. ఏప్రిల్, మే గళ్ళలో పనికి రెండు మూడు గింజలకు మించి లేవు. బస్సులో ఆవిడ చెప్పిన మాటే గింజల్లో కనిపిస్తోంది. కాలేజీ సెమిస్టరు జూలైలో మొదలై నవంబరులో అయిపోతుంది, పల్లెకు తీరికుండే వేసవిలో పిల్లలు పరీక్షల్లోనో సెలవుల్లోనో ఉంటారు.

మా గోదావరి డెల్టాలో ఈ ఇబ్బంది ఇంతగా తెలియదు. ధవళేశ్వరం నుంచి కాలువకు నీళ్ళొదిలే తేదీ పేపర్లో వస్తుంది, దాన్నిబట్టి నారుమడి, దాన్నిబట్టి సభ. ఇక్కడ లాకులూ లేవు, తేదీలూ లేవు. వాన పడితే పని, పడకపోతే ఎదురుచూపు.

మర్నాడు పొద్దున్నే ఊట దగ్గరికెళ్ళాం. నీరు ఎంత వస్తోందో కొలవడం చాలా సులువు, ఎవరైనా చేయొచ్చు. ధార అంతా ఒకచోట పడేలా అరటి దొప్పో పైపు ముక్కో పెట్టి, 10 లీటర్ల బకెట్ కింద పెట్టి, నిండడానికి ఎన్ని సెకన్లో ఫోన్లో చూడాలి. మూడుసార్లు కొలిచి సగటు తీయాలి. 20 సెకన్లు పట్టింది. అంటే సెకనుకు అర లీటరు, గంటకు 1,800, రోజుకు 43,200 లీటర్లు. ఇంటింటికీ కుళాయి పెట్టే జలజీవన్ పథకం లెక్కన మనిషికి రోజుకు 55 లీటర్లు వేసుకున్నా దాదాపు 785 మందికి సరిపోతుంది. ఊళ్ళో అంతమంది లేరు. పిల్లల మొహాలు వెలిగిపోయాయి, పైపు వేస్తే చాలు, సమస్య తీరిపోయినట్టే అనుకున్నారు.

బిందె కడుగుతున్న ఒకావిడ, "ఎండల్లో ఈ బిందె నిండడానికి అయిదు నిమిషాలు పడతాది" అంది. బిందె కొలిస్తే 15 లీటర్లు. అయిదు నిమిషాలంటే 300 సెకన్లు, అంటే సెకనుకు 50 మిల్లీలీటర్లు, రోజుకు 4,320 లీటర్లు. ఇవాళ్టి ధారలో పదో వంతు. మనిషికి 55 లీటర్ల చొప్పున 78 మందికి మాత్రమే. ఊళ్ళో అంతకు రెట్టింపు జనం.

జూలై కొలతను నమ్మి పథకం గీస్తే ఏమవుతుందో ఇక్కడే తెలుస్తుంది. సన్నధారను పెద్ద పైపులోకి వదిలితే అది నిండుగా పారదు, ఎత్తుపల్లాల దగ్గర గాలి చిక్కుకుని ఆగిపోతుంది. వేసవి ధారకు కావలసింది రాత్రి నీటిని పట్టి ఉంచే తొట్టి. ఎనిమిది గంటల రాత్రికి 1,440 లీటర్లు చేరుతుంది కాబట్టి 1,500 లీటర్ల తొట్టి కడితే తెల్లవారేసరికి దాదాపు నిండి ఉంటుంది. ఊట చుట్టూ చిన్న గది కట్టేటప్పుడు లోపల పెద్ద రాళ్ళు, ఆపైన కంకర, ఆపైన ఇసుక. ఊట కన్నుకు, అంటే నీరు ఉబికే చోటికి, సిమెంటు తగలనివ్వకూడదు. కన్ను మూసుకుపోతే నీరు పక్కదారి పట్టి ఇంకెక్కడో పైకి తేలుతుంది, మళ్ళీ పాత చోటికి తేవడం ఎవరితరమూ కాదు. ఊటకు పైన చెట్లు నరకకూడదు, పశువులు నిలవకూడదు. ఈ సంగతి ఆడవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పటంలో ఊటను ముందు పెట్టింది వాళ్ళే.

మధ్యాహ్నం ఏటవాలు పొలంలో ఒకే మట్టం వెతికే ఏ-ఫ్రేము చేయించారు. దీనికి పైసా ఖర్చు లేదు. ఆరున్నర అడుగుల వెదురు కర్రలు రెండు తీసుకుని పైన కలిపి కట్టాలి, కింద కాళ్ళు బారగా తెరవాలి. నడుమ ఎత్తులో అడ్డకర్ర కట్టాలి. పై ముడి నుంచి తాడు వేలాడదీసి, చివర అడ్డకర్ర దాటి కిందికొచ్చేలా రాయి కట్టాలి. ఇప్పుడు సరిచూసుకోవడం. రెండు కాళ్ళ కింద రెండు మేకులు పాతి, తాడు అడ్డకర్రను తాకేచోట గీత పెట్టాలి. కాళ్ళు తారుమారు చేసి అవే మేకుల మీద నిలబెట్టి రెండో గీత పెట్టాలి. రెండు గీతల నట్టనడుమ మూడో గీత. తాడు ఆ గీత మీద నిలిస్తే రెండు కాళ్ళూ ఒకే మట్టంలో ఉన్నట్టు. ఒక కాలు కదలకుండా రెండో కాలు తిప్పుకుంటూ, మట్టం దొరికిన ప్రతి చోటా మేకు పాతుకుంటూ పొలానికి అడ్డంగా పోవాలి. చివర్లో మేకుల వరుసను కాస్త సర్ది వంకర్లు తీయాలి.

జూలైలో చేస్తే ఏం తేడా వస్తుందో కూడా ఆ మధ్యాహ్నమే తెలిసింది. తడికి కొబ్బరి తాడు ముడులు వదులయ్యాయి. గాలికి రాయి ఊగి ఊగి నిలవలేదు, ఒకమ్మాయి చేత్తో పట్టి మెల్లగా వదలాల్సొచ్చింది. మెత్తటి నేలలో కాలు రెండంగుళాలు దిగబడితే మట్టం మొత్తం తప్పు. కాళ్ళ కింద పలక రాయి పెట్టి నెట్టుకొచ్చారు. మేకులైతే పాతారు కానీ ఆ మేకుల వరుస వెంట వాన నీటిని ఆపే కందకం తవ్వడం కుదరదు, పొలంలో సామ మొలిచి ఉంది. అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు కందకం తీసి, మట్టి పల్లం వైపు గట్టుగా వేయాలి. పది పన్నెండు అడుగులకొకచోట తవ్వకుండా అడ్డుకట్ట వదలాలి. మట్టంలో చిన్న తప్పున్నా నీళ్ళు కందకం వెంట పరుగెత్తకుండా ఆ అడ్డుకట్టలే ఆపుతాయి. గట్టు మీద కొండచీపురో అనాసో నాటితే మట్టీ నిలుస్తుంది, నాలుగు డబ్బులూ వస్తాయి. ఏటవాలు ఎక్కువైనకొద్దీ గట్లు దగ్గరదగ్గరగా ఉండాలి. ఇదంతా వేసవి జల్లులు పడి నేల మెత్తబడి, పొలం ఖాళీగా ఉన్నప్పుడు చేసే పని. ముసురులో వేసిన గట్టు కుదురుకోకముందే కొట్టుకుపోతుంది.

జూలైకి సరిగ్గా అతికిన పాఠం ఒక్కటే, గుళి చోడి, అంటే గుంటల్లో చోడి నాటడం. కర్ణాటకలో హావేరి రైతుల చేతుల్లో పెరిగిన పద్ధతి ఇది. ముదురు నారు గుబురుగా నాటే బదులు, పదిహేను ఇరవై రోజుల లేత నారు, 45 సెంటీమీటర్ల ఎడంలో, గుంటకు రెండు మొక్కలు, గుప్పెడు మాగిన పశువుల ఎరువు. ఎకరాకు సుమారు 20 వేల గుంటలు పడతాయి. మామూలు నారు పద్ధతిలో ఎకరాకు రెండు కిలోల విత్తనం వేసే చోట ఇక్కడ అరకిలో చాలు. లేత నారు వేరు తెగకుండా మట్టితో సహా లేస్తుంది కాబట్టి పిలకలు బాగా కడుతుంది.

ఒక విద్యార్థిని స్కేలు పట్టుకుని 45 సెంటీమీటర్లు చూపిస్తుంటే, నాట్లేస్తున్న పెద్దావిడ తాడు లాక్కుని మోచేతి నుంచి వేలికొస దాకా పెట్టి ముడేసింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ ముడేసింది. స్కేలుతో చూస్తే ఒక్కో ముడికీ తేడా వేలెడు కూడా లేదు. "మూరే కదా, అలా చెప్పొచ్చు కదమ్మా" అంది. ఆ తర్వాత పొలం మొత్తం ఆ మూర తాడుతోనే నాటారు. స్కేలు బ్యాగులోకి పోయింది.

ఈ పద్ధతిలోనూ చిక్కులున్నాయి. ఎడం ఎక్కువ కాబట్టి మొదటి నెల కలుపు దంచేస్తుంది, పదిహేనో రోజుకే వీడరు తిప్పాలి. తడి ఎక్కువుంటే వీడరు పళ్ళలో మట్టి ఇరుక్కుంటుంది, రాళ్ళ నేలలో అసలు కదలదు. మొక్కలను వంచి పిలకలు పెంచడానికి హావేరి రైతులు లాగే తేలిక దుంగ ఈ కొండవాలులో పనికిరాదు, చదును మడుల్లోనే పనిచేస్తుంది. అన్నిటికంటే పెద్ద చిక్కు వాన. వాన ఆలస్యమైతే నారు ముదిరిపోతుంది. అందుకే నారుమడి ఒకేసారి కాకుండా పది రోజుల తేడాతో రెండు విడతలు పోసుకోవాలి.

ఆ రాత్రి పొలం నుంచి వచ్చినవాళ్ళు చోడి అంబలి, పచ్చిమిరపకాయ పెట్టారు. తిండి గడిలో రెండే గింజలున్న నెల అది. కుండలో అడుగు కనిపిస్తున్నా రెండోసారి పోశారు.

వ్యవసాయ విశ్వవిద్యాలయం చేయాల్సినవి మూడంటారు. బోధన, పరిశోధన, విస్తరణ, అంటే తెలిసింది రైతు దగ్గరికి చేర్చడం. 1964లో మన రాష్ట్రంలో మొదటిది పెట్టినప్పటి నుంచీ వింటున్న మాటే ఇది. మొదటి రెండూ సెమిస్టరు లెక్కన నడవొచ్చు, మూడోది నడవదు. రావెప్ వారాలు అన్నీ ఒకే దఫా కాకుండా రెండుగా విడగొట్టి, ఒక భాగం ఏప్రిల్, మేలో పెడితే ఊట కొలతా, కందకమూ, మట్టి నమూనా తీయడమూ సరైన వేళకు జరుగుతాయి. మట్టి నమూనా కూడా పంట లేనప్పుడే తీయాలి. ఎకరంలో పది పదిహేను చోట్ల వి ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట తీసి, అంచు మట్టి గీకి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగల్చాలి. ఎరువేసిన పొలంలో జూలైలో తీసిన నమూనా ఎరువు గురించి చెబుతుంది, నేల గురించి కాదు.

చివరి రాత్రి సమావేశంలో ఊరివాళ్ళే ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఇంటర్ చదివిన ఇద్దరు కుర్రాళ్ళు ప్రతి పున్నమి మర్నాటి పొద్దున్నే ఊట దగ్గర బకెట్ పెట్టి, సెకన్లు కొలిచి, స్కూలు గోడ మీద రాస్తారు. తేదీ మరిచిపోవచ్చు గానీ పున్నమిని ఎవరూ మరిచిపోరు. ఏ-ఫ్రేమును, మూర తాడును ఊళ్ళోనే ఉంచేశారు. ఫ్లెక్సీ కూడా. మే నెలలో మాస్టారు ఒక్కరైనా రావాలని, అప్పుడు తొట్టి ఎక్కడ కట్టాలో గోడ మీది అంకెలు చూసి తేల్చుకుందామని చెప్పి పంపారు.