మా మల్లి పేరు కాగితం ఎక్కిన కథ (నా అనుభవం)

నిన్న మధ్యాహ్నం పాప బర్త్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఒళ్ళుమంట చల్లారకముందే రాసేస్తున్నా.

పాప పుట్టింది విజయవాడలోనే, ప్రైవేటు హాస్పిటల్లో. పుట్టుక నమోదు వాళ్ళే చేయించారు, పేరు దగ్గర ఖాళీ వదిలేసి. అందులో తప్పేం లేదు. 21 రోజుల్లోపు పుట్టుక నమోదైతే చాలు, పేరు తర్వాత చేర్చుకోవచ్చు. నమోదైన రోజు నుంచి 12 నెలల్లోపు అయితే ఫీజు లేదు, ఆ తర్వాత లేటు ఫీజు కట్టి 15 ఏళ్ళ దాకా చేర్చుకోవచ్చు. అలాగని వదిలేయకండి, 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకి బడికైనా పాస్‌పోర్టుకైనా పుట్టినతేదీకి ఈ కాగితమే ఆధారం.

బారసాల రోజు మా ఆయన పళ్ళెంలో బియ్యం మీద ఉంగరంతో ‘మల్లి’ అని రాశారు. అక్షరాలు మరీ పెద్దవిగా మొదలుపెట్టడంతో చివర్లో ల ఒత్తుకి చోటు చాలక తోక పళ్ళెం అంచెక్కింది. అందరూ నవ్వారు. ఆ తర్వాత పదకొండో నెల దాకా కాగితం పని ముందుకి కదల్లేదు.

అసలు ఆలస్యమంతా మా అత్తయ్యగారి వల్ల. “మల్లి అని పిలుచుకోవడానికి ముద్దుగానే ఉంటుందమ్మా, రేపు దానికి ముప్పయ్యేళ్ళొచ్చి ఆఫీసరై కూర్చుంటే తలుపు మీద మల్లి అని బోర్డు పెట్టుకుంటుందా? మల్లికాశ్రీ అని రాయించండి” అని వారానికోసారి. ఆవిడ చెడ్డావిడ కాదు, కానీ ఏ పేరుకైనా చివర శ్రీ తగిలిస్తే తప్ప ఆవిడకి అది పేరులా అనిపించదు.

నా పేరు మాలతి. మాలతి అంటే జాజిపువ్వు. ముప్పై నాలుగేళ్ళొచ్చాయి, ఇంతవరకూ నన్ను ఎవరూ ‘ఇదేం పువ్వు పేరు, పెద్దయ్యాక బాగోదు’ అనలేదు. నేను టీచర్ని, నా హాజరు పట్టీలో శిరీషలు, నీరజలు ఎంతమందో. శిరీష అంటే దిరిసెన పువ్వు. కూతురికి దిరిసెన అని పెడితే చుట్టాలు ఊరుకుంటారా? అర్థం తెలియని పువ్వైతే మర్యాద, వాకిట్లో పూసే పువ్వైతే ముద్దుపేరు. ఇదెక్కడి న్యాయమో నాకు అర్థం కాదు.

సరే, ఆఫీసుకి వెళ్ళాం. ఏ ఆఫీసో చెప్పను, మళ్ళీ అక్కడికే వెళ్ళాల్సి రావచ్చు. ఆధార్ కార్డులు, హాస్పిటల్ కాగితం అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

“పేరు?”

“మల్లి అండి.”

“ఇంట్లో పిలుచుకునేది కాదమ్మా, అసలు పేరు.”

“అదే అసలు పేరండి.”

“మల్లి... తర్వాత?”

“తర్వాత ఏం లేదండి.”

ఆయన అప్లికేషన్ పక్కన పెట్టి, పక్క సీటావిడ వైపు తిరిగి, క్యూ అంతటికీ వినపడేలా, “చూశారా మేడమ్, పనిమనిషి పేరులా లేదూ?” అన్నాడు. ఆవిడ నవ్వింది. నా వెనకాలాయన కూడా నవ్వి, “మల్లీశ్వరి అని రాయించెయ్యండి, ఓ పనైపోతుంది” అని సలహా ఇచ్చాడు. నా చెవులు వేడెక్కిపోయాయి. మా ఇంట్లో పనికొచ్చే అమ్మాయి పేరు ఐశ్వర్య. ఆ మాటైనా అనలేకపోయాను. అయినా పనిమనిషికి ఉన్న పేరు నా కూతురికుంటే ఏం తరుగుతుంది? పేరు విని అంతస్తు లెక్కగట్టే ఈ తెలివి మనకి ఎవరు నేర్పారో గానీ, చదువుకున్నవాళ్ళలోనే ఎక్కువ చూశాను.

నిజం దాచను, ‘పోనీ మల్లిక అని రాసుకోండి’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఈలోపు నా చంకలో ఉన్న పాప కౌంటర్‌కి దారంతో కట్టిన పెన్ను లాక్కుని నోట్లో పెట్టేసుకుంది. అది గుంజుకునే హడావుడిలో ఆ మాట అనే క్షణం దాటిపోయింది. “మల్లి అనే రాయండి” అన్నాను. గొంతు వణికిందని మా ఆయన తర్వాత చెప్పారు. ఆ టైమ్‌లో ఆయన ఫోన్ చూసుకుంటున్నారు, అదీ గుర్తుపెట్టుకున్నా.

చెప్పాల్సిన జవాబులన్నీ తిరుగుదారిలో వచ్చాయి. ఆటోలోంచి ఇంద్రకీలాద్రి కనిపించింది. మనమంతా దుర్గ గుడి అంటాం గానీ అసలు పేరు శ్రీ దుర్గా మల్లేశ్వరస్వామివార్ల దేవస్థానం. బ్రహ్మ మల్లెపూలతో పూజిస్తే శివుడు మల్లేశ్వరుడయ్యాడని స్థలపురాణం. ఊళ్ళో దేవుడికే నప్పిన మల్లె, ఓ ఆడపిల్లకి నప్పదా? మొల్ల కూడా మల్లె జాతి పువ్వే. ఆ రెండక్షరాల పేరుతోనే కవయిత్రి మొల్ల రామాయణం రాసింది, హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద విగ్రహమై నిలబడింది. ఎవరూ మొల్లికాశ్రీ అనలేదు. ఇవన్నీ ఆటోవాలాకి చెప్పాను, పాపం విన్నాడు.

పది రోజులకి సర్టిఫికెట్ వచ్చింది. ఇంగ్లీషులో బాగానే ఉంది. తెలుగులో చూస్తే, పేరు: మళ్ళీ.

ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగులో ముందు ఏ మాట కనిపిస్తే దాన్నే నొక్కేశాడు ఆ టైపు చేసిన కుర్రాడు. మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు, నాకు ఏడుపొచ్చింది. మళ్ళీ వెళ్ళాం. అదే కుర్చీ, అదే మనిషి, “మళ్ళీ వచ్చారా!” అని, తన జోకుకి తనే నవ్వుకుని, “అందుకే చెప్పానమ్మా వేరే పేరు పెట్టమని” అన్నాడు. తప్పు వాళ్ళది, పాఠం నాకు! సవరణకి అర్జీ, ఇద్దరి సంతకాలు, ఇంకో రెండు ట్రిప్పులు, నాకు ఒకటిన్నర రోజు సెలవు.

మీరు వెళ్తే మాత్రం పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఇవ్వండి. సేవ్ కొట్టకముందు స్క్రీన్ మీ వైపు తిప్పమనండి, విసుక్కున్నా సరే తిప్పించుకోండి. అక్షరం తప్పైతే దిద్దుతారు గానీ, అత్తగారి పోరు పడలేక ఏదో ఒక పేరు ఎక్కించేసి తర్వాత మార్చుకుందాంలే అంటే అంత తేలిక కాదు. భర్తని తీసుకెళ్ళకపోయినా ఫర్వాలేదు, సంతకం ముందే పెట్టించుకుంటే సరి.

నిన్న వచ్చిన దాంట్లో రెండు భాషల్లోనూ సరిగ్గా ఉంది. అత్తయ్యగారు కళ్ళజోడు తెచ్చుకుని, కాగితం వెలుగులోకి పట్టుకుని, పేరు పక్కనున్న ఖాళీ మీద వేలు పెట్టి, “ఇంత చోటుందిగా, శ్రీ పట్టేది” అన్నారు.