క్రియాటినిన్ కంటే ముందే

మా పాపకు గుండెలో రంధ్రం ఉందని మూడో నెలలో తెలిసింది. వీఎస్‌డీ అంటారు, గుండె కింది గదుల మధ్య గోడలో ఉండే రంధ్రం. పాలు తాగుతుంటే నుదురంతా చెమటలు పట్టేవి. ఊరికే జలుబు చేసేది. ఏడాది దాటినా ఎనిమిది కిలోలే. నాయుడుపేట నుంచి మాకు చెన్నై దగ్గర కాబట్టి అక్కడే ఆపరేషన్ చేయించాం. రంధ్రం పూర్తిగా మూసుకుందని, గుండె బాగా పనిచేస్తోందని సర్జన్ సాయంత్రానికల్లా బయటికి వచ్చి చెప్పారు. గుండె సంగతి అంతటితో అయిపోయింది.

మిగిలిందంతా కిడ్నీల గొడవే.

ఐసీయూలో పాపను చూసుకునే నర్సు మలయాళీ అమ్మాయి. మానిటర్ కంటే మంచం పక్కన వేలాడే యూరిన్ డబ్బా వైపే ఎక్కువ చూసేది. గంట గంటకూ ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో రాసుకునేది. ఆ లెక్క మాకూ నేర్పింది. కిలో బరువుకు గంటకు ఒక మిల్లీలీటరైనా వస్తే బాగున్నట్టు. అంటే మా పాపకు ఎనిమిది రావాలి. కిలోకు అర మిల్లీలీటరు కంటే తక్కువ, అంటే నాలుగు లోపు, వరసగా ఆరు గంటలు వస్తే కిడ్నీలు దెబ్బతిన్నట్టే లెక్క. ఆ రాత్రి ఆరు వచ్చింది, తర్వాత అయిదు, తెల్లవారుజాము నుంచి మూడు దాటలేదు.

పొద్దున రక్తపరీక్షలో క్రియాటినిన్ 0.4. కండల నుంచి రక్తంలోకి వచ్చే చెత్త అది, కిడ్నీలు సరిగా వడకట్టకపోతే పెరుగుతుంది. రిపోర్టులో పక్కన అచ్చేసిన రేంజ్ దాటలేదని మా ఆయన సంతోషంగా ఊరికి ఫోన్ కూడా చేసేశాడు. కిడ్నీ డాక్టరమ్మది వేలూరు వైపు, తెలుగు చక్కగా మాట్లాడతారు. ఆవిడ రిపోర్టు పక్కన పెట్టి నర్సు రాసిన కాగితం అడిగారు.

"ఆ రేంజ్ పెద్దవాళ్లదమ్మా. కండ తక్కువున్న పిల్లలకు క్రియాటినిన్ ఎప్పుడూ తక్కువే ఉంటుంది. మీ పాపకు ఆపరేషన్‌కి ముందు 0.3. అది 0.6 అయినా రిపోర్టు నార్మలనే అంటుంది, కానీ పాపకు అది రెట్టింపు. పైగా తూము మూసుకున్న మరుక్షణమే తొట్టి నిండదు కదా. ఇది పెరగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఒంట్లో నీరు చేరితే పలచబడి ఇంకా తక్కువ చూపిస్తుంది. అంతదాకా ఆగలేం."

గుండె ఆపి, దాని పని, ఊపిరితిత్తుల పని చేసే హార్ట్ లంగ్ మెషీన్ మీద ఆపరేషన్ చేసేటప్పుడు కిడ్నీలకు రక్తం సరిగా అందకపోవచ్చట. మెషీన్‌లో తిరిగేటప్పుడు కొన్ని ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి, వాటిలోంచి వచ్చేది కూడా కిడ్నీలకు పడదు. చాలామంది పిల్లలకు ఇలా అవుతుందని, ఎక్కువమంది కోలుకుంటారని చెప్పారు. నాకు మొదటి సగమే వినపడింది.

ఎక్కించే నీళ్లు తగ్గించారు. మందుల జాబితా మళ్లీ చూసి, కిడ్నీలకు పడని యాంటీబయాటిక్ మార్చారు. మూత్రం ఎక్కువ రావడానికి లాసిక్స్ అనే మందు ఇచ్చినా పెద్దగా లాభం లేదు, సాయంత్రానికి పాప కళ్లు ఉబ్బిపోయాయి. పొట్ట ద్వారా డయాలసిస్ చేద్దామన్నారు. ఆ మాట వినగానే ఫోన్‌లో అత్తయ్య ఏడుపు. "ఉద్దానం వాళ్లకు చేస్తారే, అదా? జీవితాంతం చెయ్యాలా?" అని. కాదు, కిడ్నీలు తేరుకునేదాకానే అని చెప్తూ నేను కూడా ఏడుస్తున్నాను.

పొట్టలోకి సన్నని గొట్టం వేసి ద్రవం ఎక్కిస్తారు, కాసేపు ఉంచి బయటికి తీస్తారు. రక్తంలోని చెత్త, ఎక్కువైన నీరు పొట్ట లోపలి పొర గుండా ఆ ద్రవంలోకి దిగుతాయి. పసిపిల్లలకు ఇదే సులువట. మర్నాడు క్రియాటినిన్ 0.8కి పెరిగింది. అప్పటికే వైద్యం మొదలై ఒక రోజు గడిచింది.

ఇంటికొచ్చాక దీని గురించి చాలా చదివాను. ఎన్‌గాల్ అనే ప్రోటీన్ ఉందట, దెబ్బతిన్న కిడ్నీ దాన్ని రెండు గంటల్లోనే మూత్రంలోకి వదులుతుంది. 2005లో అమెరికాలోని సిన్సినాటి డాక్టర్లు గుండె ఆపరేషన్ అయిన 71 మంది పిల్లల్లో దీన్ని కొలిచారు. వాళ్లలో 20 మందికి కిడ్నీలు దెబ్బతిన్నాయి, ఆ సంగతి క్రియాటినిన్‌తో తేలడానికి ఒకటి నుంచి మూడు రోజులు పట్టింది. పిల్లల కోసం ఈ పరీక్షకు అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023 డిసెంబరులో అనుమతి ఇచ్చింది. ఇన్ఫెక్షన్ ఉన్నా ఇది పెరుగుతుంది కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్మలేరు. మా పాపకు ఈ పరీక్ష జరగలేదు. ఆ నర్సు రాసిన కాగితమే ముందుగా పట్టిచ్చింది. ఎంత గొప్ప పరీక్ష వచ్చినా గంట గంటకూ రాసే మనిషి ఉండాల్సిందేనని నా అభిప్రాయం.

తర్వాత ఒకరోజు డబ్బాలో పది వచ్చింది, ఆ పై గంట పదిహేను. రోజూ అత్తయ్య ఫోన్‌లో మొదటి ప్రశ్న "పాప ఉచ్చ పోసిందా?" అనే. ఆరోజు అంకెతో సహా చెప్పాను. పొట్టలో గొట్టం తీసేశారు, పాప వెంటిలేటర్ మీద నుంచి బయటికొచ్చింది. వార్డుకు వచ్చాక ఇడ్లీ కావాలని మారాం చేసింది.

మూడు నెలలకు మళ్లీ చూశారు. క్రియాటినిన్ 0.3, మూత్రంలో ప్రోటీన్ లేదు. అయినా ఏటా బీపీ, మూత్రం చూపించుకోవాలన్నారు. జ్వరం వస్తే పారాసిటమాల్ మాత్రమే, ఐబుప్రోఫెన్ వద్దన్నారు. మా వీధిలోని మందుల షాపులో ఏ జ్వరానికైనా ఐబుప్రోఫెన్ కలిపిన సిరప్ ఇస్తారు, అందుకే చీటీ మీద రాయించుకుని పర్సులో పెట్టుకున్నాను.

పాప ఇప్పుడు పదిన్నర కిలోలు. బీపీ చూడాలంటేనే కష్టం. పట్టీ కట్టగానే ఏడుస్తుంది, ఏడిస్తే బీపీ ఎక్కువ చూపిస్తుంది, ఊరుకున్నాక మళ్లీ మొదటి నుంచి కొలుస్తారు.